పది లేన్ల రోడ్డు, కప్పు లేని దొడ్డి: కాలిఫోర్నియా కొండసింహాల అసలు చిక్కు

క్లుప్తంగా: కాలిఫోర్నియాలో సరదా కోసం కొండసింహాన్ని వేటాడటం ఆగిపోయి యాభై ఏళ్లు దాటింది. అయినా ఆ రాష్ట్రపు దక్షిణ భాగంలో కొన్నిచోట్ల ఆ జాతి అంతరించిపోయే ప్రమాదంలో ఉంది. ఉత్తరాన కొన్ని ఊళ్లలో మాత్రం వాటి భయం జనాన్ని పట్టుకుంది. ఈ రెండు సమస్యలకూ మూలం చాలావరకు ఒకటే. జంతువు తిరిగే నేలను రోడ్లు, ఇళ్లు, పశువుల దొడ్లు ముక్కలు చేశాయి. వేటతో ఈ చిక్కు తీరదు. అలాగని నిషేధం ఒక్కటే పెట్టినా తీరదు.

రెండు మరణాలు

2024 మార్చి 23న ఎల్ డొరాడో కౌంటీలోని జార్జ్‌టౌన్ దగ్గర, రాలిన జింక కొమ్ములు ఏరుకోవడానికి అడవిలోకి వెళ్లిన ఇద్దరు అన్నదమ్ముల మీద కొండసింహం దాడి చేసింది. 21 ఏళ్ల అన్న చనిపోయాడు. 18 ఏళ్ల తమ్ముడు తీవ్ర గాయాలతో బయటపడ్డాడు. కాలిఫోర్నియాలో కొండసింహం దాడిలో మనిషి చనిపోవడం 2004 తర్వాత అదే మొదటిసారి. ఆ చుట్టుపక్కల ఊళ్లలో మేకలు, గొర్రెలు, పెంపుడు కుక్కలు పోతున్నాయని అప్పటికే ఫిర్యాదులు ఉన్నాయి. ఈ ఘటనతో ఆ కోపం ఒక్కసారిగా పైకి వచ్చింది.

అంతకు పదిహేను నెలల ముందు లాస్ ఏంజెలెస్‌లో వేరే దృశ్యం కనిపించింది. పి-22 అనే ముసలి మగ కొండసింహానికి 2022 డిసెంబరు 17న పశువైద్యులు కారుణ్య మరణం ఇచ్చారు. పుర్రె ఎముక విరిగి, మూత్రపిండాలు పాడై, పొట్టలోని అవయవాలు ఛాతీలోకి జారిపోయిన స్థితిలో ఉందది. వాహనం ఢీకొన్న ఆనవాళ్లు కనిపించాయి. తర్వాత ఫిబ్రవరిలో గ్రీక్ థియేటర్‌లో జరిగిన సంతాప సభకు వేల మంది వచ్చారు.

ఒకచోట తమ్ముడి కళ్లముందే అన్న ప్రాణం పోయింది. మరోచోట ఒక అడవి జంతువు కోసం నగరమే కన్నీళ్లు పెట్టుకుంది. ఈ రెండింటిలో ఒకదాన్నే చూసి అభిప్రాయం ఏర్పరచుకుంటే సగం విషయం చేయి జారిపోతుంది.

సింహం కాని సింహం

పేరులో సింహం ఉన్నా ఇది ఆఫ్రికా సింహానికి దగ్గరి చుట్టం కాదు. ప్యూమా, కూగర్, ఫ్లోరిడాలో పాంథర్, ఇలా ఎన్ని పేర్లున్నా జంతువు ఒకటే. శరీర నిర్మాణం ప్రకారం చూస్తే మన ఇంటి పిల్లికే ఎక్కువ దగ్గర. గర్జించలేదు, పిల్లిలా గురగురలాడుతుంది. కెనడాలోని యూకాన్ నుంచి చిలీ దక్షిణ కొస వరకు ఇది కనిపిస్తుంది. అమెరికా ఖండాల్లో ఇంత విశాలమైన నేల మీద విస్తరించిన అడవి క్షీరదం మరొకటి లేదు.

ముఖ్యంగా గమనించాల్సింది దీని ఒంటరితనం. పిల్లలతో ఉన్న తల్లిని పక్కన పెడితే ప్రతి కొండసింహమూ ఒంటరిగానే బతుకుతుంది. దక్షిణ కాలిఫోర్నియాలో ఒక పెద్ద మగదానికి దాదాపు 390 చదరపు కిలోమీటర్ల ఇలాకా కావాలి. అందులోకి ఇంకో మగది వస్తే పోరాటం తప్పదు. చాలాసార్లు ఒకటి చచ్చేదాకా ఆ పోరాటం సాగుతుంది. పిల్లలు ఏడాది, ఏడాదిన్నర తల్లితో ఉంటాయి. ఆ తర్వాత ఇలాకా వెతుక్కుంటూ బయల్దేరాలి. మగపిల్లలకైతే ఇది చావుబతుకుల ప్రయాణం. ఈ జంతువు గురించి వచ్చే వార్తల్లో పెద్ద భాగం ఈ ఒక్క దశ చుట్టూనే తిరుగుతుంది. ఊళ్లోకి వచ్చిందనో, పెరట్లో కనిపించిందనో, ఫ్రీవే మీద చచ్చిపడి ఉందనో వినిపించే జంతువుల్లో చాలావాటి వయసు రెండేళ్లకు అటూ ఇటూ ఉంటుంది.

దారి మూసుకుపోతే రక్తం పలచబడుతుంది

లాస్ ఏంజెలెస్‌కు పడమరగా ఉన్న శాంటా మోనికా కొండల్లో నేషనల్ పార్క్ సర్వీస్ 2002 నుంచి కొండసింహాలకు రేడియో, జీపీఎస్ కాలర్లు తొడిగి గమనిస్తోంది. ఆ కొండలకు ఒకవైపు పసిఫిక్ సముద్రం, మరోవైపు 101 ఫ్రీవే, ఇంకోవైపు 405 ఫ్రీవే ఉన్నాయి. లిబర్టీ కేన్యన్ దగ్గర 101కు పది లేన్లున్నాయి, రోజుకు మూడు లక్షలకు పైగా వాహనాలు తిరుగుతాయి. కాలర్ల నుంచి వచ్చే గుర్తులు ఏళ్ల తరబడి ఒకటే కథ చెప్పాయి. జంతువులు ఫ్రీవే దాకా వస్తాయి, కాసేపు అంచున తిరుగుతాయి, వెనక్కి మళ్లుతాయి. మళ్లనివి ఎక్కువగా చక్రాల కింద పడతాయి.

పి-22 ఆ రెండు ఫ్రీవేలనూ దాటగలిగింది. కానీ దాటి చేరింది గ్రిఫిత్ పార్క్ అనే చిన్న పచ్చని ద్వీపానికి. దాని వయసు మగదానికి కావాల్సిన నేలలో ఇరవయ్యో వంతు కూడా అక్కడ లేదు. 2012 ఫిబ్రవరిలో మొదటిసారి కెమెరాకు చిక్కిన దగ్గర్నుంచి పదేళ్ల పైగా అక్కడే ఒంటరిగా బతికింది. ఒక్క ఆడదీ అటు రాలేదు. దానికంటూ సంతానం లేకుండానే పోయింది.

దాటలేనివాటి కష్టం వేరు. బయటి నుంచి కొత్త మగవి రాకపోతే తండ్రి కూతుళ్లతోనే జతకట్టే పరిస్థితి వస్తుంది. శాంటా మోనికా కొండల్లో ఇది నిజంగా జరిగింది, జన్యు పరీక్షల్లో తేలింది. మన ఊళ్లలో గేదెల మందకు ఏళ్ల తరబడి ఒకే దున్నపోతును వాడితే ఏమవుతుందో పశువులు పెంచే ప్రతి రైతుకూ తెలుసు. ఇక్కడా అదే. 2020లో పి-81 అనే కుర్ర మగదానికి తోక చివర వంకర, వృషణం కిందికి దిగకపోవడం కనిపించాయి. ఒంట్లో లోపం బయటికి కనపడటం అక్కడ అదే మొదలు. శాంటా మోనికా కొండల్లోనూ, లాస్ ఏంజెలెస్‌కు ఆగ్నేయంగా ఉన్న శాంటా ఆనా కొండల్లోనూ బతికే కొండసింహాల గుంపుల మీద 2019లో వచ్చిన అధ్యయనం ఇంకా గట్టిగా హెచ్చరించింది. దగ్గరి రక్తంలో జతకట్టడం వల్ల పుట్టుకలు, బతుకులు దెబ్బతినడం మొదలైతే, 50 ఏళ్లలోపు ఆ రెండు గుంపులూ అంతరించిపోవడం దాదాపు ఖాయమని తేల్చింది.

ఆ వంకర తోక చూసి శాస్త్రవేత్తలు అంతగా కలవరపడటానికి కారణం ఫ్లోరిడా. అక్కడి పాంథర్ల సంఖ్య 1990ల మొదట్లో 20-30కి పడిపోయింది. వంకర తోకలు, గుండె లోపాలు, సంతానం కలగని మగవి మామూలైపోయాయి. 1995లో టెక్సాస్ నుంచి ఎనిమిది ఆడ కొండసింహాలను తెచ్చి వదిలారు. వాటిలో ఐదు పిల్లల్ని కన్నాయి. కొత్త రక్తం కలిసిన తర్వాత లోపాలు తగ్గాయి, సంఖ్య పెరిగింది. నేడు అక్కడ 120 నుంచి 230 వరకు పెద్ద పాంథర్లు ఉన్నాయని అంచనా. అయితే ఫ్లోరిడాలోనూ పాంథర్లను ఇప్పటికీ ఎక్కువగా చంపుతున్నవి వాహనాలే. బయటి నుంచి జంతువుల్ని తెచ్చి వదలడం గండం గట్టెక్కిస్తుంది కానీ దారి తెరవదు. దారి లేకపోతే కొన్ని తరాల తర్వాత మళ్లీ అదే పని చేయాల్సి వస్తుంది.

చంపితే తగ్గుతాయా?

ఈ ప్రశ్నకు చరిత్ర ఒక జవాబు ఇచ్చింది. 1907 నుంచి 1963 వరకు కాలిఫోర్నియా కొండసింహం తలకు బహుమతి ఇచ్చింది. ఆ యాభై ఆరేళ్లలో 12,000కు పైగా జంతువుల్ని చంపినట్టు లెక్కలున్నాయి. తర్వాత గాలి మళ్లింది. అప్పటి గవర్నర్ రోనల్డ్ రీగన్ సంతకంతో 1972 నుంచి సరదా వేట ఆగింది. 1990లో ప్రజలు ఓటేసి ఆమోదించిన 117వ ప్రతిపాదన ఆ నిషేధాన్ని శాశ్వతం చేసింది. ఆవాసాల రక్షణకు ఏటా మూడు కోట్ల డాలర్లు కేటాయించింది. 1996లో దాన్ని తిరగదోడాలని మరో ప్రతిపాదన పెడితే ఓటర్లు ఒప్పుకోలేదు.

మిగతా రాష్ట్రాల దారి వేరు. కొలరాడోలో వేట నిషేధం ప్రతిపాదన 2024 నవంబరులో ఓడిపోయింది, అక్కడ పరిమితులతో వేట సాగుతోంది. టెక్సాస్ చాలాకాలం ఎలాంటి అడ్డూ పెట్టలేదు. ఉచ్చులను 36 గంటలకోసారి చూడాలన్న నియమం కూడా అక్కడ 2024లోనే వచ్చింది.

వేట ఉన్నచోట ఊళ్లకు ప్రమాదం తక్కువగా ఉంటుందని చాలామంది నమ్మకం. వాషింగ్టన్ రాష్ట్రంలో రాబర్ట్ వీల్గస్ బృందం చేసిన పరిశోధనలో దీనికి పూర్తి వ్యతిరేకమైన ఫలితం వచ్చింది. వేట ఎక్కువైన చోట మరుసటి ఏడాది ఫిర్యాదులు, పశువుల మీద దాడులు పెరిగాయి. కారణం ఇలాకాలో ఉంది. స్థిరపడిన పెద్ద మగది చుట్టుపక్కల కుర్రవాటిని రానివ్వదు. దాన్ని చంపితే ఖాళీ అయిన నేలలోకి రెండు మూడు కుర్రవి దూరతాయి. జింకను పట్టడంలో వాటికి ఇంకా చేయి తిరగలేదు, మనుషుల అలికిడి ఉన్న చోట్లు ఏవో తెలియదు. మేకల దొడ్డి వాటికి సులువుగా కనిపిస్తుంది. ఈ ఫలితం మీద శాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా నడుస్తోంది. ప్రతి ప్రాంతంలోనూ ఇలాగే జరుగుతుందని చెప్పడానికి లేదు. అయినా ‘నాలుగింటిని లేపేస్తే సరి’ అన్న లెక్క అంత తేలిక కాదని మాత్రం దీన్నుంచి తేలుతుంది.

మనుషుల మీద అలవాటుగా దాడి చేసే జంతువు సంగతి వేరు. దాన్ని తొలగించడం గురించి ఎవరికీ అభ్యంతరం లేదు, చట్టమూ అనుమతిస్తుంది. జార్జ్‌టౌన్ జంతువును అదే రోజు అధికారులు చంపారు.

మనిషి గొంతు వింటే పారిపోతుంది

కొండసింహానికి మనిషంటే భయం పోయిందన్న మాట తరచూ వినిపిస్తుంది. శాంటా క్రూజ్ కొండల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని నేరుగా పరీక్షించారు. ప్యూమాలు చంపిన జింకల దగ్గర స్పీకర్లు దాచి, ప్యూమా తినడానికి రాగానే మనుషుల మాటలు వినిపించారు. నూటికి 83 సార్లు తిండి వదిలి పారిపోయాయి. కప్పల బెకబెకలు వినిపిస్తే దాదాపుగా పట్టించుకోలేదు. మనుషుల మాటలు విన్న ప్యూమాలు ఆ వేట దగ్గర తినే సమయం సగానికి పడిపోయింది.

ఈ భయానికి ఊహించని పర్యవసానం ఉంది. ఇళ్లు ఎక్కువగా ఉన్న చోట్ల బతికే ఆడ ప్యూమాలు, ఇళ్లు తక్కువున్న చోటివాటికంటే 36 శాతం ఎక్కువ జింకలను చంపుతున్నాయని అదే బృందం అంతకుముందు గుర్తించింది. సగం తిని వదిలేస్తే మళ్లీ వేటాడక తప్పదు కదా. పిల్లలున్న తల్లికి ఈ అదనపు శ్రమ ఎంత భారమో ఊహించవచ్చు.

మరి భయపడే జంతువు ఇళ్ల మధ్యకు ఎందుకు వస్తుంది? జింక కోసం వస్తుంది. నీళ్లు పోసి పెంచే పచ్చిక, గులాబీ మొక్కలు ఎండాకాలంలో జింకలను పెరళ్లలోకి రప్పిస్తాయి. వాటి వెనకే అది కూడా చీకట్లో వచ్చి, తెల్లారేలోపు వెళ్లిపోతుంది. అలా వచ్చిపోవడం పాతికేళ్ల క్రితమూ ఉంది. ఇప్పుడు గుమ్మం మీది కెమెరా దాన్ని పట్టి, పొద్దున్నే కాలనీ వాట్సాప్ గ్రూపులో పెడుతోంది. కనిపించడం పెరిగినంత మాత్రాన సంఖ్య పెరిగినట్టు కాదు. రాష్ట్రంలో 6,000 దాకా ఉంటాయన్న పాత అంచనా కంటే, ఇటీవలి లెక్క (3,200 నుంచి 4,500 వరకు) తక్కువగానే ఉంది.

దొడ్డిలో జరిగేది

పశువులు పోగొట్టుకున్నవారి బాధను తేలిగ్గా తీసుకోవడం సంరక్షణ కోరేవారు చేసే పెద్ద పొరపాటు. 2016లో మలిబు దగ్గర ఒక దొడ్డిలో పి-45 అనే కొండసింహం ఒకే రాత్రి పది అల్పాకాలను (ఉన్ని కోసం పెంచే, ఒంటె కుటుంబపు పశువులు) చంపింది. యజమానికి దాన్ని చంపే అనుమతి వచ్చింది. జనం నుంచి తీవ్ర వ్యతిరేకత రావడంతో అది అమలు కాలేదు.

ఒకటి తినడానికి పది ఎందుకు చంపింది? అడవిలో జింకల గుంపు మీద దూకితే ఒకటి దొరుకుతుంది, మిగతావి క్షణంలో మాయమవుతాయి. కంచె లోపల మిగతావి ఎటూ పోలేక అక్కడే బెదిరి పరుగులు పెడతాయి. కదిలేదాన్ని పట్టమని పిల్లి జాతికి పుట్టుకతో వచ్చిన తత్వం ఆ కదలిక ఆగేదాకా ఆగదు. కోళ్ల గూట్లో దూరిన జంగుపిల్లి చేసేదీ ఇదే. పై కప్పు లేని కంచె జింకను ఆపుతుందేమో కానీ, నిలుచున్నచోటి నుంచే నాలుగు మీటర్లకు పైగా ఎగిరే జంతువును ఆపదు.

పరిష్కారం ఏమిటో అందరికీ తెలుసు. రాత్రిపూట పశువులను నాలుగువైపులా, పైనా మూసి ఉన్న గదిలో పెట్టాలి. కాపలా కుక్కలు, కదిలే దీపాలు కొంత పనిచేస్తాయి. చిలీ ఎత్తైన పీఠభూమిలో లామా, అల్పాకా మందల దగ్గర రాత్రంతా అటూ ఇటూ మెరిసే దీపాలు పెట్టి చూస్తే, అవి ఉన్న మందల్లో ఒక్క జంతువూ ప్యూమాకు చిక్కలేదు.

ఆ 2016 ఘటన తర్వాత కాలిఫోర్నియా తన పద్ధతి మార్చింది. శాంటా మోనికా, శాంటా ఆనా ప్రాంతాల్లో పశువు పోయిన వెంటనే చంపే అనుమతి ఇవ్వరు. ముందు దొడ్డి సరిచేయాలి, తర్వాత తరిమే ప్రయత్నాలు చేయాలి, అవేవీ ఫలించకపోతేనే ఆఖరి అనుమతి. 2020 ఏప్రిల్‌లో దక్షిణ, మధ్య తీర ప్రాంతాల కొండసింహాలను అంతరించే ప్రమాదం ఉన్న జాతుల చట్టం కింద పరిశీలనకు తీసుకున్నాక ఈ పద్ధతి మరింత విస్తరించింది.

ఇది సరైన దిశే, కానీ ఖర్చు మొత్తం యజమాని మీదే పడింది. ఇంటి వెనక సరదాకు నాలుగు మేకలు పెంచేవారికి కప్పు వేయించడం పెద్ద పని కాదు. వందల గొర్రెలను కొండ మీద మేపే కాపరికి అది అసాధ్యం. కొలరాడోలో కొండసింహం చంపిన పశువుకు ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. కాలిఫోర్నియా 1990లో ఆవాసాలకు డబ్బు కేటాయించింది కానీ, దొడ్డికి కేటాయించలేదు. ఎల్ డొరాడో కోపంలో ఈ లోటు పాత్ర ఎక్కువే ఉంది.

ఎలుక కోసం పెట్టిన మందు

శాంటా మోనికా కొండల్లో చచ్చిపోయాక పరీక్షించిన కొండసింహాల్లో ఒకటీ అరా తప్ప అన్నిటి ఒంట్లోనూ ఎలుకల మందు దొరికింది. ఈ మందులు రక్తం గడ్డకట్టనివ్వవు. ఎలుక తిన్న వెంటనే చావదు, కొన్ని రోజులు మత్తుగా తిరుగుతుంది. దాన్ని కయోట్ (నక్కలాంటి అడవి జంతువు) తింటుంది, కయోట్‌ను కొండసింహం తింటుంది. మందు కాలేయంలో నెలల తరబడి నిలిచిపోతుంది. 2014లో పి-22 ఒంటినిండా గజ్జితో, చిక్కి శల్యమైన ఫొటో బయటికి వచ్చినప్పుడు దాని రక్తంలోనూ ఇదే మందు కనిపించింది. ఈ జాతి మందుల్లో బలమైనవాటి వాడకాన్ని 2021 నుంచి కాలిఫోర్నియా చాలావరకు నిషేధించింది, తర్వాత జాబితాను పెంచింది.

అలిపిరి నుంచి కుపర్టినో దాకా

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత బలిగొన్నప్పుడు తెలుగువారందరి గుండె కలుక్కుమంది. తర్వాత టీటీడీ భక్తులకు కర్రలు ఇచ్చింది, పిల్లలతో నడిచే వేళల మీద ఆంక్షలు పెట్టింది. అటవీశాఖ బోన్లు పెట్టి చిరుతలను పట్టింది. చిరుత మన ఊళ్ల చెత్త, దాని చుట్టూ చేరే కుక్కలు, పందుల మీద కూడా బతకగలదు. కొండసింహం ప్రధానంగా జింక మీదే ఆధారపడుతుంది. మనుషుల మీద దాని దాడులు చాలా అరుదు. కానీ రెండింటిలోనూ ఒక పోలిక ఉంది. ముందు వెనక పెద్దలు లేకుండా, వేళ కాని వేళ, గుంపు నుంచి విడిపడి పరుగెత్తే పిల్లలకే ఎక్కువ ముప్పు.

ఫ్రీమాంట్, శాన్ హోసే, కుపర్టినోల్లో ఉండే తెలుగు కుటుంబాలు వారాంతాల్లో మిషన్ పీక్‌కో, రాంచో శాన్ ఆంటోనియోకో వెళ్లడం మామూలే. అక్కడి దారులన్నీ కొండసింహం తిరిగే నేలే. అది ఎదురైతే పరుగెత్తకూడదు, వెన్ను చూపకూడదు. పరుగెత్తేది దాని కంటికి వేట. నిటారుగా నిలబడి, చేతులు పైకెత్తి, గట్టిగా అరుస్తూ, దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి జరగాలి. వంగకుండానే పిల్లల్ని ఎత్తుకోవాలి. మీదికి దూకితే రాయి, కర్ర, ఏది దొరికితే దానితో ఎదురుతిరగాలి. అలా ఎదిరించి బయటపడ్డవారు చాలామంది ఉన్నారు. తెల్లవారుజాము, మునిమాపు వేళల్లో ఒంటరిగా చెవుల్లో పాటలు పెట్టుకుని పరుగు తీయడం మానుకోవాలి.

దారి తెరుస్తున్న వంతెన

జింకలను అదుపులో పెట్టే పెద్ద మాంసాహారి లేకపోతే ఏమవుతుందో అమెరికా తూర్పు రాష్ట్రాల్లో కనిపిస్తోంది. అక్కడ కార్లు జింకలను ఢీకొనడం పెద్ద ప్రాణనష్టానికి కారణం. కొండసింహం మళ్లీ తూర్పున స్థిరపడితే ముప్పై ఏళ్లలో ఈ ప్రమాదాలు 22 శాతం తగ్గి, 155 మంది ప్రాణాలు దక్కవచ్చని 2016లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. కొండసింహం దాడుల్లో ఉత్తర అమెరికా మొత్తంలో పోయే ప్రాణాలతో పోలిస్తే ఇది చాలా పెద్ద సంఖ్య.

రోడ్డుకూ జంతువుకూ మధ్య రాజీ కోసం 2022 ఏప్రిల్ 22న లిబర్టీ కేన్యన్ దగ్గర పని మొదలైంది. వాలిస్ అన్నెన్‌బర్గ్ వన్యప్రాణి వంతెన 101 ఫ్రీవే పది లేన్ల మీదుగా రెండు కొండలను కలుపుతుంది. మొదట తొమ్మిది కోట్ల డాలర్లకు పైగా అనుకున్న ఖర్చు తర్వాత పెరిగింది. అన్నెన్‌బర్గ్ ఫౌండేషన్ రెండున్నర కోట్ల డాలర్లు ఇచ్చింది, చందాలు ప్రపంచం నలుమూలల నుంచి వచ్చాయి. 2025లో వంతెన మీద మట్టి పోసి, ఆ కొండల్లో సహజంగా పెరిగే మొక్కలు నాటడం మొదలుపెట్టారు. వాహనాల మోత, దీపాల వెలుగు పైకి రాకుండా పక్కలకు గోడలు ఉంటాయి. దాటేది కొండసింహమే కానక్కర్లేదు. బాబ్‌క్యాట్ అనే చిన్న అడవి పిల్లి, జింక, బల్లి కూడా అదే బాధలో ఉన్నాయి.

ఏటా సగటున ఏడు పదుల కొండసింహాలు కాలిఫోర్నియా రోడ్ల మీద చచ్చిపోతున్నాయని అంచనా. ఒక్క వంతెన ఆ లెక్కను మార్చలేదు. శాంటా ఆనా కొండలను తూర్పు కొండల నుంచి విడదీసే 15 ఫ్రీవే దగ్గర పరిస్థితి ఇంకా ఇరుకు. అక్కడ మిగిలిన పెద్దవి ఇరవైకి అటూ ఇటూ మాత్రమే. ఏళ్ల గమనికలో అటు నుంచి ఇటు దాటి, ఇక్కడ పిల్లల్ని కన్న మగ కొండసింహాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.